దూలంలో తుమ్మెద

దసరా వెళ్లిన వారానికి ఊళ్లో మా పాత పెంకుటిల్లు విప్పారు. కార్తీకంలో కొత్తింటికి ముగ్గు పోయాలని తమ్ముడి తొందర. "పెద్దోనివి, నువ్వు లేకుంటె ఎట్లనే అన్నా" అని రెండుసార్లు ఫోన్ చేస్తే హనుమకొండ నుంచి మొదటి బస్సుకే బయల్దేరాను. నర్సంపేటలో దిగి పాకాల దారిలో ఆటో పట్టుకుంటే మా ఊరు. నేను చేరేసరికే గూనపెంకలన్నీ దింపి వాకిట్లో పేర్చారు. బాపు పోయి చాలా ఏళ్లయింది, మా అమ్మ, అవ్వ అనేవాళ్లం, పోయి మూడేళ్లు. ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు. అందుకే పెద్దగా బాధేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే కట్టె ఎంతకు పోతుందన్న లెక్కల్లోనే ఉన్నాను.

పంచ దూలం దింపాక లెక్కలు ఆగిపోయాయి.

వేప దూలం అది. రంగు లేదు, వార్నిష్ లేదు, ఎండకు బూడిద రంగు తిరిగింది. దాని అడుగున చిటికెన వేలు పట్టేంత రంధ్రం, బరమా పెట్టి తిప్పినట్టు గుండ్రంగా. ఆ రంధ్రం నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు అరుగు మీద పడుకుంటే సరిగ్గా నా మొహం పైన ఉండేది. సన్నటి పొట్టు రాలి దుప్పటి మీద పడేది. అవ్వ పొద్దున్నే ఊడుస్తూ "ఈ తుమ్మెద పాడుగాను, ఇల్లంత తొలిచి పెడ్తది" అని తిట్టేది. తిట్టేదే గానీ, ఆ రంధ్రంలో ఇంత మట్టి కూరమని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

వడ్లాయన దూలాన్ని పక్కకు తిప్పి రంపం పెట్టబోయాడు. లోపల గుయ్యిమని చప్పుడు. "సారూ, లోపట తుమ్మెదున్నది" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి అదే బయటికొచ్చింది. నల్లటి ఒళ్లు, ఎండ పడితే నీలంగా మెరిసే రెక్కలు. మా తలల మీద రెండు మూడు చుట్లు తిరిగి గోడ అవతలికి పోయింది. వడ్లాయన ఉలి పెట్టి కట్టె నార వెంబడి ఒక్క దెబ్బ వేస్తే దూలం రెండు పలకలుగా విచ్చుకుంది.

లోపల సొరంగం. బొటనవేలు లావు, జానెడు పొడుగు. కట్టె పొట్టును నమిలి అతికించిన పలచటి అడ్డగోడలు. గోడకూ గోడకూ మధ్య ఒక గది, గదికొక పసుపు ముద్ద, నానిన శనగ గింజ కన్నా కొంచెం పెద్దది. రంధ్రానికి దగ్గరగా ఉన్న గదిలో ముద్ద మీద తెల్లటి గుడ్డు ఉంది. బియ్యపు గింజ కన్నా పొడుగు, కాస్త వంకర. లోపలికి పోయేకొద్దీ పిల్ల పెద్దది, ముద్ద చిన్నది. చిట్టచివరి గదిలో ముద్ద మొత్తం అయిపోయింది, లావాటి తెల్ల పురుగు ఒళ్లు ముడుచుకుని పడుకుంది. ముందు పెట్టిన గుడ్డు లోపల, చివర పెట్టినది వాకిలి దగ్గర. ఇంత వరుసగా మా ఇంట్లో మనుషులం ఎప్పుడూ ఉండలేదు.

ముద్దను గోటితో ఇంత తీసి వాసన చూశాను. కొంచెం తేనె వాసన, కొంచెం పులిసిన వాసన, అడుగున వేప కట్టె చేదు. ఆ రోజంతా ఆ వాసన వేలికే ఉంది. ఎక్కడెక్కడివో గుర్తొస్తూ పోయాయి.

* * *

ఆ పసుపు తంగేడు పసుపు. అది మాత్రం చూడగానే తెలిసింది.

బతుకమ్మ రోజుల్లో పువ్వు తేవడం మగపిల్లల పని. తెల్లారకముందే గోనె సంచులు భుజాన వేసుకుని గుట్ట వైపు పోయేవాళ్లం. ఆలస్యమైతే పక్క వాడకట్టు పిల్లలు చెట్లన్నీ దులిపేసేవాళ్లు. కాళ్లకు మంచు తడి, చెలకల్లో గునుగు తెల్లగా నిలబడి ఉండేది. గునుగు ఎంత కోసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, చెలక వాళ్లకు అది కలుపే. తంగేడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాకన్నా ముందే తుమ్మెదలు ఉండేవి.

వాటి చప్పుడు రెండు రకాలు. ఎగిరేటప్పుడు లావుగా, బరువుగా, దూరంగా మోటారు తిరిగినట్టు. పువ్వును పట్టుకోగానే ఆ చప్పుడు ఒక్కసారి సన్నబడి, గొంతు పెంచి "జుయ్య్" మంటుంది. ఒక రెప్పపాటే. మళ్లీ ఎగిరితే మళ్లీ లావు చప్పుడు. మేము దాన్ని వెక్కిరిస్తూ నోటితో అనుకరించేవాళ్లం. కోపమొచ్చి అరుస్తోందని మా వాడొకడు చెప్తే అందరం నమ్మాం. అది ఎందుకలా చేస్తుందో తెలిసేసరికి నాకు యాభై ఏళ్లు దాటాయి.

తంగేడు పువ్వులో తేనె ఉండదట. పుప్పొడే దాని పెట్టుబడి. ఆ పుప్పొడి కూడా అన్ని పూలలో లాగా పైకి రాలి ఉండదు. కేసరం కొసన సన్నటి రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు. ఊపితే గాని రాలదు. తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రమే వణికిస్తుంది. అదే ఆ సన్న చప్పుడు. పొట్టి కేసరాల పుప్పొడి తినడానికి తీసుకుంటుంటే, పొడుగు కేసరాల పుప్పొడి ఒంటికి అంటుకుని ఇంకో చెట్టు పువ్వుకు చేరుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు.

ఈ మాట నాకు చెప్పింది మా చిన్నమ్మాయి, వ్యవసాయ డిగ్రీ చదువుతోంది. "డాడీ, మీరు బడిలో పరాగ సంపర్కం చదువుకోలేదా" అంది. చదవకేం! మందార పువ్వు బొమ్మ గీసి, రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అని బాణాలు పెట్టి అయిదు మార్కులు తెచ్చుకున్నాను. ఆ మందారం నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది. తెల్లారి గుట్ట మీద చూసిన తంగేడుకూ దానికీ సంబంధం ఉందని మాకు ఏ సారూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పండుగ రోజు హనుమకొండ చౌరస్తాలో తంగేడు, గునుగు కట్టలు కట్టి అమ్ముతారు. నేనూ బేరం చేసి కొంటాను.

* * *

పురుగులతో మాకు చనువెక్కువ. మొదటి వానకు ఎర్ర మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికొస్తే అరచేతిలో వేసుకుని తిరిగేవాళ్లం. బంగారు పురుగును అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపడం, తూనీగ తోకకు దారం కట్టడం, అవన్నీ చేశాం. పెరటి మట్టిగోడలో బలపం దూరేంత రంధ్రాలు బోలెడు ఉండేవి. పొట్ట మీద నీలి చారలున్న ఈగలు వాటిలోంచి వస్తూ పోతూ ఉండేవి. చీపురు పుల్ల పెట్టి పొడిచేవాళ్లం, చెంబుతో నీళ్లు పోసేవాళ్లం. ఆ నీలి చారల ఈగలు కూడా తుమ్మెద విద్యే నేర్చినవట. వంకాయ, టమాట పూలకు ఆ వణుకుడే కావాలట. పెరట్లో అవ్వ పెట్టిన వంకాయ చెట్లకు, మేము పుల్లతో పొడిచిన గోడకు మధ్య అంత వ్యవహారం నడుస్తోందని ఎవరికి తెలుసు!

ఇక్కడ నాకొక ఇబ్బంది. మన భాషలో వీటన్నిటికీ కలిపి ఒక మాట లేదు. తేనె పెట్టినా పెట్టకపోయినా తేనెటీగ అనే రాస్తున్నారు. మా అమ్మాయి లెక్కలో ప్రపంచం మొత్తం మీద ఈ కులానివి 20,000 జాతులకు పైగా ఉన్నాయి. అందులో తేనె కోసం మనం పట్టించుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఎక్కువ జాతులు ఒంటరిగా నేలలో బొరియ చేసుకుని బతికేవే. తుమ్మెద కూడా ఆ కులందే. దాని శాస్త్రీయ నామం జైలోకోపా, గ్రీకులో కట్టె కోసేవాడని అర్థమట. అంటే వడ్లాయనే. ఆ సంగతి మా వడ్లాయనకు చెప్తే, "మరి కూలి ఎవలిస్తరు సారూ దానికి" అన్నాడు.

* * *

పెరట్లో స్నానాల గది తడకల మీద ఆనిగెపు తీగ పారేది. ఆనిగెపుకాయంటే సొరకాయే, మా వైపు అట్లా అంటాం. పొద్దు గుంకే వేళకు తెల్లటి పూలు విచ్చుకునేవి. చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని పోతే, బూడిద రంగు రెక్కల పెద్ద పురుగు పువ్వు ముందు గాలిలో నిలబడి, పొడుగాటి నాలుక లోపలికి దించి కనిపించేది. దాన్ని చూస్తే నాకు భయం. బాపమ్మ మాత్రం "ఉండనీయ్ బిడ్డా, దాని తిండికొచ్చింది" అనేది.

బాపమ్మ భయం వేరే. పిందెకు వేలు చూపించొద్దు. చూపిస్తే కుళ్లిపోతుంది. ఎక్కడుందో చెప్పాలంటే వేలు మడిచి చూపాలి. నేను మరిచిపోయి వేలెత్తి "బాపమ్మా, అదిగో పిందె" అన్నానో, నెత్తి మీద ఒక మొట్టికాయ. రెండు రోజులకు ఆ పిందె నిజంగానే పసుపెక్కి రాలిపోయేది. ఆ ఎండాకాలం రాలిన పిందెలన్నీ నా ఖాతాలోనే రాసింది.

హనుమకొండలో మా డాబా మీద కుండీల్లో నా భార్య బీర, ఆనిగెపు పెట్టింది. పూలు విరగబూశాయి, పిందెలన్నీ వేలెడంత కాకముందే పండి రాలిపోయాయి. "మీరేమన్న వేలు చూపిచ్చిండ్రా" అంది. నాలుగో అంతస్తు మీదికి ఏ రాత్రి పురుగు వస్తుంది? ఈ తీగల్లో మగపువ్వు వేరు, పిందె పువ్వు వేరు. మగపువ్వు పుప్పొడి పిందె పువ్వుకు చేరకపోతే పిందె మాడుతుంది, వేలు చూపినా చూపకపోయినా. ఇప్పుడు సాయంత్రం టీ తాగి డాబా ఎక్కి, మగపువ్వు తెంపి రేకులు తీసేసి, పిందె పువ్వు మధ్యలో మెల్లగా రాస్తాను. బీర, ఆనిగెపు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి సరిపోయింది. గుమ్మడైతే తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, దానికి పొద్దున్నే లేవాలి. కాయలు నిలబడుతున్నాయి. ఎన్ని కాయలకు బాపమ్మ మొట్టికాయ తిన్నానో లెక్కేసి ఇప్పుడు ఎవరిని అడగాలి.

* * *

చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది.

ఊరి చివర చెరువుకట్ట కింద పెద్ద మర్రి. వానలు వెనకబట్టాక ఎక్కడి నుంచో పెద్ద తేనెటీగలు వచ్చి దాని కొమ్మలకు తుట్టెలు పెట్టేవి. ఒక్కో తుట్టె చాటంత వెడల్పు. పక్షి దగ్గరికి వస్తే తుట్టె మొత్తం మీద అల లాగా ఒక మెరుపు పాకేది. వేలాది ఈగలు ఒకదాని తర్వాత ఒకటి ఒళ్లు లేపి దించుతాయి, అందుకు. మేము కావాలని గులకరాళ్లు విసిరి ఆ అల చూసి పారిపోయేవాళ్లం.

అడవి వైపు నుంచి ఒక కోయ తాత ఏటా ఇప్పపువ్వు, తేనె తెచ్చి అమ్మేవాడు. గడ్డం కింద తువ్వాలు, చేతిలో తేనె సీసా, మూతికి మక్క బెండు బిరడా. వేసవిలో వచ్చినప్పుడు ఇప్పపువ్వు ముచ్చట్లు చెప్పేవాడు. ఇప్ప రాత్రి పూస్తుంది, గబ్బిలాలు దాని మీద వాలి తింటాయి, తెల్లారేసరికి పువ్వు నేల రాలుతుంది, ఏరుకోవడమే మన పని అని. గబ్బిలమంటే మాకు దయ్యంతో సమానం. ఆయన మాత్రం "గబ్బిలం రాకుంటె ఇప్పకు కాయెక్కడిది" అనేవాడు. ఈ శాస్త్రం ఆయనకెవరు చెప్పారో!

ఆయనే చెప్పాడు, తుట్టె అంతా కోయొద్దని. కొమ్మకు ఆనుకుని పైభాగంలో ఒక మూల లావుగా ఉండేది తేనె, కింద వేలాడేదంతా పిల్లలు. తేనె భాగం వరకే కోసుకుని పిల్లల పెర వదిలేస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. పచ్చాకు పొగ పెట్టాలి గాని మంట పెట్టొద్దు. 

మేము మంటే పెట్టాం. ఎనిమిదో తొమ్మిదో చదువుతున్నాను. దీపావళి అయ్యాక ఒక రాత్రి పెద్దపిల్లలు పొడుగాటి వెదురుకు గోనె చుట్టి కిరసనాయిలు పోసి అంటించారు. వెదురు కింద పట్టుకున్న నలుగురిలో నేనొకణ్ణి. ఈగలు వెలుతురుకే వచ్చాయి, మంటలోకే. నిప్పురవ్వలు పడుతున్నాయా ఈగలు పడుతున్నాయా తెలియలేదు. తెల్లారి పోయి చూస్తే చెట్టు కింద రెక్కలు కాలిన ఈగలు గుప్పెళ్లకొద్దీ, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. మా వాటాకు వచ్చిన తేనె అర గ్లాసు, అందులో మసి. అవ్వ దాన్ని ముట్టలేదు.

ఆ మర్రికి మళ్లీ తుట్టెలు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

* * *

అదే ఏడు యాసంగికి బాపు చెలకలో ఎకరంపావు పొద్దుతిరుగుడు వేశాడు. మా వైపు అప్పుడప్పుడే వస్తున్న పంట. సంక్రాంతి దాటేసరికి చెలకంతా పసుపు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. బాపు మీసం తిప్పుకున్నాడు. వ్యవసాయ శాఖ సారు వచ్చి నాలుగు సాళ్లు నడిచి, అటూ ఇటూ చూసి, "ఈగలు లేవేందయ్యా" అన్నాడు. బాపుకు అర్థం కాలేదు. ఈగలు లేకపోవడం మంచిదే కదా అన్నట్టు చూశాడు.

ఆ సారే చెప్పాడు. చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపల, పువ్వు మొహాన్ని మెల్లగా రుద్దాలి. ఒక పువ్వు రుద్దిన గుడ్డతోనే ఇంకో పువ్వు. దినం తప్పి దినం, రెండు వారాలు.

ఇంట్లో ఉన్న పిల్లలమందరం దిగాం. అవ్వ పాత చీర చింపి చేతులకు చుట్టింది. పువ్వు నా తలకన్నా ఎత్తు, వంచాలి, రుద్దాలి, వదలాలి. వంచిన ప్రతిసారీ పుప్పొడి కళ్లలోకి. ఆకుల నూగు మెడకు గీరుకుని దురద. పది పూలకు తమాషాగా ఉంటుంది, యాభై పూలకు చెయ్యి లాగుతుంది, సాలు చివరికి చేరేసరికి ఏడుపొస్తుంది. తలెత్తి చూస్తే ఇంకా అంత చెలక. బడికి పసుపు చొక్కాతో పోతే సారు "ఏందిరా, పెండ్లా" అన్నాడు. రోజుకు పావలా ఇస్తానన్న బాపు చివరికి ఇయ్యలేదు.

రుద్దిన సాళ్లలో గింజ బాగానే కట్టింది. చేయి అందక, వంతులు ఎగ్గొట్టి వదిలేసిన సాళ్లలో పువ్వు మధ్యభాగమంతా తాలు. గోటితో నొక్కితే పుటుక్కున విరిగి లోపల గాలి. మర్రికి మంట పెట్టినందుకే ఇదంతా అని నేను చెప్పను. చుట్టుపక్కల పత్తి చేన్లలో మందు కొట్టుడు అప్పటికే మొదలైంది, చలి కూడా ఎక్కువుండె. కానీ ఆ వెదురు పట్టుకున్న చేతికే గుడ్డ చుట్టుకున్నానన్నది ఈ వయసులో మనసులో మెదులుతుంది. అప్పుడు మెదల్లేదు. అప్పుడు పావలా గురించే ఆలోచన.

* * *

ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. వరంగల్‌లో ఒక పురుగుమందుల దుకాణంలో గుమాస్తాగా చేరి ఏడేళ్లు చేశాను. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వేసుకొచ్చిన రైతులు, డబ్బు చేతిలో పడగానే పాత బాకీ కట్టి కొత్త మందు తీసుకుపోయేవారు. డబ్బాల మీద రంగుల త్రికోణాలు ఉంటాయి, ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా దగ్గర ఎరుపూ పసుపూ పోయినంత వేగంగా ఏదీ పోయేది కాదు. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, క్వినాల్‌ఫాస్, ఈ పేర్లు చదువు రాని రైతు కూడా తడుముకోకుండా పలికేవాడు. ఇంటికి పోతే అవ్వ గడప దాటనిచ్చేది కాదు. బావి దగ్గర స్నానం చేసి, బట్టలు అక్కడే వదలాలి.

రైతులు అగ్గిపెట్టెలో పురుగును పెట్టి తెచ్చేవారు. తెరిచి కౌంటర్ మీద పెట్టి "గిదేం పురుగు సారూ, ఏం మందు కొట్టాలె" అనేవారు. చిన్నప్పుడు బంగారు పురుగులు పెట్టుకున్న అగ్గిపెట్టెలే. నేను చూసి, తెలిసినా తెలియకపోయినా, రెండు డబ్బాలు ముందు పెట్టేవాణ్ణి. చావకపోతే కలిపి కొట్టమనేవాణ్ణి. యజమాని నేర్పిన మాట అది. ఏ పూట కొట్టాలో ఒక్కరు అడగలేదు, నేను చెప్పలేదు. కొన్ని మందుల కరపత్రాల్లో తేనెటీగలకు హాని అని చీమ తలంత అక్షరాల్లో ఉండేది. ఆ కరపత్రాలను సరుకు కట్టడానికి వాడేవాళ్లం.

1997-98 పత్తి పంట సంగతి వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. లద్దె పురుగు, పచ్చపురుగు ఏ మందుకూ చావలేదు. అప్పుల మీద అప్పు. మా ఖాతా పుస్తకంలో పేరున్న మనిషి పేపర్లో ఫోటో అయి వచ్చేవాడు. ఆ ఏడాదే ఆ పని మానేశాను. తర్వాత ఒక బడిలో అటెండర్ ఉద్యోగం దొరికింది, గట్టెక్కాను.

తర్వాతి కాలం అందరికీ తెలిసిందే. 2002లో బీటీ పత్తి వచ్చింది, కాయతొలిచే పురుగుకు మందు తగ్గింది. ఆ తర్వాత రసం పీల్చే పురుగులు, వాటికి మళ్లీ మందులు. 2011లో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి కొత్త రకాలు విత్తనానికి పట్టించి ఇస్తే మొక్క ఒళ్లంతా పాకి పువ్వులోకి, పుప్పొడిలోకి కూడా పోతాయి. అలాంటి మూడు మందులను ఆరుబయట పంటలకు వాడొద్దని యూరప్ 2018లో నిర్ణయించింది. మన దగ్గర ఇంకా వాడుతున్నారు.

* * *

దూలం సగం నేను తెచ్చుకుంటానంటే తమ్ముడు నవ్వాడు. కట్టె కొనేవాడు మూలిగాడు. చీల్చిన రెండు పలకలను వడ్లాయన యథాతథంగా మూసి, గట్టిగా సుతిలితో చుట్టి ఇచ్చాడు. దాన్ని చెలక దగ్గర కొట్టం చూరు కింద, వాన పడని వైపు వేలాడదీశాం. తల్లి తుమ్మెద మళ్లీ వస్తుందనే ఆశ నాకు లేదు. ఇల్లు ఉన్న చోటుకూ చెలకకూ చాలా దూరం. ఊరికే మనసొప్పక.

చెలక గెట్ల మీద నడుస్తూ వాదించుకున్నాం. మా చిన్నప్పుడు జొన్నలో కంది, పెసర, మధ్యలో నువ్వులు, గెట్ల మీద ఆముదాలు, ఏదో ఒకటి పూస్తూనే ఉండేది. ఇప్పుడు అయిదెకరాలు పత్తి, అర ఎకరం మిర్చి. గెట్లు గడ్డిమందుకు మాడి ఎర్రగా ఉన్నాయి. "గెట్టు మీద తంగేడు, వావిలి ఉండనీయరా" అంటే "పురుగు ఆడ దాసుకుంటదన్నా" అన్నాడు. వాడి మాట పూర్తిగా తప్పు కాదు. దాక్కునేవీ ఉంటాయి, ఆ దాక్కునేవాటిని తినేవీ ఉంటాయి. మందులు అమ్మి బతికినవాణ్ణి, వాడికి నీతులు చెప్పే మొహం నాకెక్కడిది. చివరికి ఒక బేరం కుదిరింది. ఉత్తరం వైపు గెట్టుకు గడ్డిమందు కొట్టడు. కొడవలితో కోయిస్తాడు, తంగేడును వదిలేస్తాడు. పత్తికి మందు కొట్టాలంటే పొద్దున పువ్వు విచ్చుకున్న వేళ కాకుండా సాయంత్రం నాలుగు దాటాకే కొడతాడు. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు, పొద్దున కూలీలు దొరకడం లేదట. పది సాళ్లకు ఒక కంది సాలు వేయమంటే "వచ్చే ఏడు సూద్దాం" అన్నాడు. మా తమ్ముడి భాషలో దాని అర్థం లేదని.

పత్తి పూస్తోంది. మొదటి రోజు మీగడ రంగులో ఉండే పువ్వు రెండో రోజుకు గులాబీ రంగు తిరుగుతుంది. ఒకే చెట్టు మీద రెండు రంగులూ ఉన్నాయి. అరగంట నిలబడి లెక్కపెడితే మూడు ఈగలు, ఒక సీతాకోకచిలుక. తుమ్మెద ఒక్కటీ లేదు. బావి గడ్డ మీద వడ్లాయన కోసి ఇచ్చిన వెదురు ముక్కలు, ఒక కొస కణుపుతో మూసినవి, తుమ్మెదలు గూడు పెట్టుకుంటాయేమోనని కట్టగా కట్టి పెట్టాను. పాత మట్టిగోడ మట్టిని నీలి చారల ఈగల కోసం ఒక మూల పోయించాను, దున్నొద్దని చెప్పి.

నెల దాటింది. మొన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. సిమెంటు ధర, ఇసుక లారీ, పునాదికి వచ్చిన మేస్త్రి గురించి పావుగంట చెప్పాడు. పెట్టేసే ముందు అన్నాడు.

"అన్నా, నీ దూలం కింద పొట్టు పడ్డది."

"నిజమా?"

"పడ్డది గని, అది తుమ్మెదో చెదలో నాకేం తెలుసు. ఆదివారం నువ్వే వచ్చి సూసుకో."